కల్తియో సరస్సు మీద దారి

నా భార్య సైమా ఆఖరి సెలవును ఆమె తమ్ముడు ఓయివా నాశనం చేశాడు. ఇది నా అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. ఊళ్ళో దీన్ని ఇంకో రకంగా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఆ రోజు సరస్సు మీద లేరు.

సైమా మా ఊరి బడిలో ముప్పై నాలుగేళ్ళు వంట చేసింది. ఫిబ్రవరి ఆఖర్లో బడులకు వారం రోజులు స్కీ సెలవులు ఇస్తారు. పిల్లలు, పంతుళ్ళు కొండల మీదికి పోతారు. ఆ వారమే దక్షిణం నుంచి పర్యాటకులు దిగుతారు కాబట్టి వాళ్ళ కాటేజీలు కడగడానికి సైమా పోయేది. ఇంటి నుంచి పనికి స్కీల మీద, పని నుంచి ఇంటికి స్కీల మీద. అదే ఆమె స్కీ సెలవు. నేను అడవిలో చెట్లు కొట్టేవాణ్ణి. సెలవు మాట మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

ఆమె రిటైరైన ఏడాదే, నవంబరులో, పట్నం ఆసుపత్రి డాక్టరు క్లోమంలో క్యాన్సర్ అన్నాడు. వసంతం చూస్తానా అని సైమా అడిగింది. అతను బల్ల మీది కాగితాలు సర్దాడు. మాకు అర్థమైంది.

కారులో వంద కిలోమీటర్లు తిరిగి వచ్చాం. పెట్రోలు బంకు దగ్గర కాఫీకి ఆగినప్పుడు ఆమె అంది:

"జనవరిలో పోదాం, ముసలోడా."

"ఎక్కడికి?"

"కల్తియో గుడిసెకి. స్కీ సెలవుకి."

"నడిచలికాలంలో అక్కడికి ఎవడు పోతాడు?"

"ఎవడూ పోడు. అందుకే గుడిసె ఖాళీగా ఉంటుంది."

నేను నవ్వలేదు. ఆమె నవ్వింది.

"మార్చిలో పోదామని నాకూ ఉంది. మార్చి నాకోసం ఆగేట్టు లేదు," అంది.

కల్తియో గుడిసె సరస్సు అవతలి ఒడ్డున ఉంటుంది. అడవిశాఖ వాళ్ళది. తాళం ఉండదు, ఎవరైనా దిగొచ్చు. మా ఊరు కొండకి ఉత్తరాన, నీడలో ఉంది. నవంబరు మధ్యలో పోయిన సూర్యుడు మాకు మళ్ళీ జనవరి ఇరవై ఎనిమిదికి గానీ కనపడడు. గుడిసె ముందు దక్షిణాన అడ్డంగా ఏమీ లేదు. అక్కడ పద్దెనిమిదికే కనపడతాడు. సైమాకి ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఆమెని రెయిన్‌డీర్ బండిలో అక్కడికి తీసుకెళ్ళి చూపించాడు. చుట్ట చివర నిప్పంత కనిపించి, పది నిమిషాల్లో పోయాడట. అరవై ఏళ్ళు దాటినా ఆ పది నిమిషాల సంగతి చెప్పేది.

"ఊళ్ళోకొచ్చే సూర్యుడి దాకా ఉంటానో లేదో తెలీదు. అక్కడికి పదిరోజులు ముందే వస్తాడు కదా. నేనే ఎదురుపోతా," అంది.

ఆమెకి కావలసింది అదొక్కటే. ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రమే వంటింటి బల్ల మీద మ్యాపు పరిచింది. మందుల సీసాలు పక్కకి నెట్టి, నాలుగు మూలలా నాలుగు కప్పులు బరువు పెట్టింది. పాత క్యాలెండరు వెనక జాబితా మొదలుపెట్టింది. ఐదు రోజులకి ఇద్దరికి ఎంత తిండి కావాలో లెక్కేసి, మొదటిసారి ఆరు కిలోల ఓట్లు రాసింది.

"బడి మొత్తాన్ని తీసుకెళ్తున్నావా?" అన్నాను.

ఆమె చూసుకుని కొట్టేసింది. "చెయ్యి అలవాటు. ఇద్దరికి వండటం నాకు ఎప్పుడొచ్చిందని?"

ఎండు మాంసం, రై రొట్టె, వెన్న, కాఫీ పొడి, కాఫీలో నానేసుకునే జున్ను, రెండు కొవ్వొత్తులు, పుల్లలు చీరడానికి చిన్న గొడ్డలి. ఆమెకి నోట్లోకి పోయేది రోజుకి రెండు చెంచాల జావ. అయినా జున్ను రాసింది. దారిలో ఆమె నిలబడగలిగినంత సేపు స్కీల మీద నడుస్తుంది. తర్వాత నేను చక్రాల్లేని లాగుడు బండిలో కూచోబెట్టి లాగుతాను. అడవిలో దుంగలు లాగిన నడుము నాది. ఆమె బరువు అప్పటికి నలభై మూడు కిలోలు.

చిక్కల్లా సరస్సుతోనే. ఒడ్డు వెంబడి పోవడానికి లేదు, అంతా బండలు, పొదలు. ఎనిమిది కిలోమీటర్లు సరస్సు మీదే పోవాలి. ఆ ఏడాది సరస్సు మీది మంచుగడ్డ ఇంకా పలచగా ఉండగానే మంచు విపరీతంగా కురిసింది. అలాంటప్పుడు మంచు బరువుకి గడ్డ కుంగుతుంది, పగుళ్ళలోంచి నీళ్ళు పైకొస్తాయి. పైనున్న మంచు దుప్పటిలా కప్పేయడంతో ఎంత చలైనా ఆ నీళ్ళు గడ్డకట్టవు. పైకి తెల్లగా, చదునుగా కనిపిస్తుంది. కాలు పెడితే మోకాటి కింది దాకా నీటిబురద. అందుకని ముందుగా దారి తెరవాలి. మంచు మోటారు, అంటే మంచు మీద పోయే స్కూటరు, నడిపి మంచుని అణగదొక్కితే నీళ్ళు పైకొస్తాయి, చలి వాటికి తగులుతుంది, రాయిలా బిగుస్తాయి. రెండు రోజులాగి మళ్ళీ తొక్కాలి. వారం పైన పడుతుంది. ఆలస్యంగా తొక్కితే తొక్కనిదానికన్నా హీనం.

నాకు మంచు మోటారు లేదు. మా ఊళ్ళో కల్తియో దారి తెరిచే పని ముప్పై ఏళ్ళుగా ఓయివాది. మాకు నాలుగు వందల మీటర్ల దూరంలో ఒంటరిగా ఉంటాడు, పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మ పోయాక అతన్ని పెంచింది సైమానే.

డిసెంబరు మొదటి ఆదివారం అతను కాఫీకి వచ్చాడు. పళ్ళ మధ్య చక్కెర బిళ్ళ పెట్టుకుని, సాసరులోంచి తాగుతున్నాడు.

"తమ్ముడూ, కల్తియో దారి ఎప్పుడు తెరుస్తావు?" అంది సైమా.

"ఫిబ్రవరిలో. ఎప్పుడూ అంతేగా."

"ఈసారి జనవరి ఏడున తెరవాలి."

"ఏం, చేపలకి ఆకలేస్తోందా?"

"నాకేస్తోంది. పదహారున మేం పోతున్నాం. నేనూ, ఈ ముసలోడూ."

ఓయివా నా వైపు చూశాడు. నేను మ్యాపు చూస్తున్నాను.

"ఏడున ఒకసారి తొక్కు, రెండు రోజులాగి ఇంకోసారి," అంది ఆమె. "మా ఒడ్డు దగ్గర పగులుంటుంది చూడు, అక్కడ మూడుసార్లు."

"నాకు నేర్పుతున్నావా అక్కా? ముప్పై ఏళ్ళుగా తొక్కుతున్నాను."

"నీకు నడక నేర్పిందే నేను."

"అందుకే ఇప్పటికీ వంకరగా నడుస్తున్నాను."

ఆమె గిన్నెల గుడ్డతో అతని చెవి మీద కొట్టింది. కొట్టిన చెయ్యి బల్ల మీద ఆన్చుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"తొక్కుతావా లేదా?"

"తొక్కుతాను," అన్నాడు ఓయివా.

అంతే. మా దగ్గర మాట ఒకసారే. సరే అన్నవాణ్ణి మళ్ళీ అడిగితే, నువ్వు అబద్ధాలకోరువి అని మొహాన అన్నట్టే. మా పెదనాన్న ఇల్లు అంటుకున్నప్పుడు కూడా పక్కింటివాణ్ణి ఒక్కసారే కేకేశాడని చెప్పుకుంటారు. ఇల్లు కాలిపోయింది. ఆయన్ని తప్పుపట్టినవాళ్ళు లేరు.

క్రిస్మస్ వెళ్ళింది. సైమా రోజూ జాబితా తీసి చదివేది. రాసింది కొట్టేసేది, కొట్టేసింది మళ్ళీ రాసేది. పగలు పదింటి నుంచి రెండింటి దాకా కిటికీలో నీలి వెలుగు ఉన్నంతసేపు బల్ల దగ్గర కూచునేది. నేను పొయ్యి పక్కన ఆమె పాత కొయ్య స్కీలకి తడి పీల్చకుండా తారు పట్టించాను. ఇల్లంతా తారు వాసన. ఆమెకి ఆ రోజుల్లో ఏ వాసన తగిలినా వాంతి అయ్యేది. దీనికి మాత్రం కాలేదు.

ఇంటికొచ్చే నర్సు కెర్తు వారానికి రెండుసార్లు వచ్చి సూది వేసి పోయేది. ఆమె కూడా జాబితా చదివేది.

"కొవ్వొత్తులు రెండేనా? నాలుగు పెట్టుకోండి సైమా. కొత్తగా పెళ్ళైనవాళ్ళలా కూచోవచ్చు."

"ఈయన మొహం చూడటానికి రెండే ఎక్కువ," అంది సైమా.

కెర్తు నవ్వి, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి నాతో అంది: "ఇలా ప్లాన్లు వేసుకోనివ్వండి తౌనో. మందుకన్నా ఇదే బాగా పనిచేస్తోంది."

"ప్లాన్లు కాదు, పోతున్నాం," అన్నాను.

ఆమె నా మొహం చూసి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది.

జనవరి పన్నెండున నేను కొట్టుకి పోతూ ఓయివా ఇంటి ముందు నుంచి నడిచాను. అతని మంచు మోటారు కొట్టం పక్కన టార్పాలిన్ కప్పుకుని ఉంది. టార్పాలిన్ మీద రెండు జానల మంచు. చుట్టూ ఒక్క జాడ లేదు. వంటింట్లో దీపం వెలుగుతోంది, కిటికీలోంచి అతని తల కనిపిస్తోంది. తలుపు నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది.

ఇంకెవరి మోటారో తీసుకుని తొక్కి ఉంటాడనుకున్నాను. అతను మాట ఇచ్చాడు. నేను కాఫీ పొడి కొనుక్కుని ఇంకో దారిన ఇంటికొచ్చాను.

పదహారు పొద్దున మైనస్ ఇరవై తొమ్మిది, గాలి లేదు. సైమా నాలుగింటికే లేచి రెండు పొరల ఉన్ని బట్టలు వేసుకుని కూచుంది. సరస్సు దగ్గర కారు ఆపేటప్పటికి నీలి వెలుగు మొదలైంది. ఒడ్డు మీద జాడ లేదు. ఎక్కడ చూసినా చదునైన తెలుపే.

"మొన్న గాలి వీచింది కదా, కప్పేసుంటుంది," అంది సైమా.

నేను కర్ర దింపి చూశాను. గట్టిగా ఏదో తగిలింది. అది ఒడ్డు గడ్డ. ఒడ్డున ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. నాకు ఆ సంగతి తెలుసు.

మొదటి కిలోమీటరు ఆమె స్కీల మీదే నడిచింది. నా ముందు నడిచింది. మెల్లగా, ప్రతి ఇరవై అడుగులకీ ఆగుతూ. ఒకసారి వెనక్కి తిరిగి, "ఏంటి ముసలోడా, అలిసిపోయావా?" అంది. ఆమె చెంపలు ఎర్రగా ఉన్నాయి. అలా చూసి నాలుగు నెలలైంది. తర్వాత బండిలో కూచుంది. ఉన్ని దుప్పట్లు చుట్టి పట్టీలు బిగించాను.

ఇంకో కిలోమీటరు పోయాక నా స్కీలు బరువెక్కాయి. ముందు అర్థం కాలేదు. తర్వాతి అడుగులో కాలు పిక్క దాకా దిగింది, నీళ్ళు బూటులోకి వచ్చాయి. పక్కకి తిరిగాను. పక్కనా అంతే. స్కీల కింద నీటిబురద ముద్దగట్టి, గాలి తగలగానే గడ్డయింది. గొడ్డలితో కొట్టి ఊడగొడితే రెండు అడుగులకి మళ్ళీ అంటుకుంది. వెనక బండి కుంగింది. దాని అంచు మీదుగా బూడిదరంగు నీళ్ళు దుప్పట్లలోకి పోయాయి.

సైమా అరవలేదు. "తడిసింది," అంది, అంతే.

వెనక్కి తిప్పాను. వచ్చిన జాడలో కూడా అప్పటికి నీళ్ళు నిండాయి. స్కీలు విప్పి బండి మీద పడేసి, మోకాటి కింది నీళ్ళలో నడుస్తూ లాగాను. రెండు కిలోమీటర్లకి మూడు గంటలు పట్టింది. నీలి వెలుగు పోయింది. సగం దారిలో ఆమె మాట్లాడింది.

"ఓయివా అసలు వచ్చాడా ఇక్కడికి?"

"రాలేదు."

"నువ్వు అడిగావా మళ్ళీ?"

"అడగలేదు. మాటిచ్చాడు కదా."

"అవును. మాటిచ్చాడు," అంది. నేనైనా అలాగే చేసేదాన్ని అన్నట్టు అంది. ఆమె కూడా మా మనిషే.

కారులో ఆమె బట్టలు విప్పితే అట్టల్లా నిలబడ్డాయి.

ఆ సాయంత్రం ఆరింటికి ఓయివా వచ్చాడు. కొట్టులో ఎవరో చెప్పారట. సైమా లోపల జ్వరంతో పడుకుని ఉంది. నేను అతన్ని వసారాలోనే ఆపాను. టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"బావా, మీరు నిజంగా పోతారనుకోలేదు."

నేను లోపలి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"కెర్తుని అడిగాను. పెరట్లో ఆవిరిస్నానపు గది, ఆ సౌనా దాకా నడవడానికే కష్టపడుతోంది, ఏదో మనసు మళ్ళించుకోవడానికి రాసుకుంటోంది, రాసుకోనీ అంది. నేనూ అలాగే అనుకున్నాను. అక్క సంతోషం కోసం అందరం సరే అంటున్నాం అనుకున్నాను. నువ్వూ అంతే అనుకున్నాను."

"నువ్వు తొక్కుతానన్నావు."

"అన్నాను."

"తొక్కలేదు."

"ఒక్కమాట అడిగుంటే బావా..."

తలుపేశాను. ఒక్కమాట అడిగుంటే అంటాడు. చావబోయే మనిషి కళ్ళలోకి చూసి, చిన్నపిల్లతో ఆడినట్టు ఆడి, పైగా నాదే తప్పంటాడు. కెర్తు, కొట్టులో వాళ్ళు, ఊరంతా కలిసి ఆ ఆట ఆడారు. నిజంగా పోతున్నది ఇద్దరమే. ఆ ఇద్దరికీ ఇదంతా ఆటని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడితో ఆపితే సరిపోతుంది. చాలామందికి ఇక్కడిదాకానే తెలుసు.

జ్వరం ఐదో రోజుకి తగ్గింది. ఆరో రోజు సైమా లేచి బల్ల దగ్గర కూచుంది. జాబితా అడిగితే ఇచ్చాను. కెర్తు వచ్చి ఊపిరితిత్తులు విని, బయటికి వచ్చాక నాతో అంది:

"ఛాతీ బాగుంది. తౌనో, మీరు ఇంకా ఆమెని ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకుంటే ఇప్పుడే తీసుకెళ్ళండి. బాగా చుట్టండి. ఇక దేనికి దాచుకుంటారు ఆమెని? నేను ముందే ఈ మాట అనాల్సింది."

అనాల్సింది. అనలేదు.

ఇరవై నాలుగో తేదీ పదకొండింటికి నేను కట్టెల కొట్టంలో ఉండగా మోటారు చప్పుడు వినిపించింది. ఓయివా. మోటారు వెనక పెద్ద లాగుడు బండి కట్టి, అందులో నాలుగు రెయిన్‌డీర్ చర్మాలు పరిచాడు. అతని కుడి చెంప మీద చలికి చచ్చిన చర్మం నల్లగా ఉంది. ఒక చేతికి గుడ్డ చుట్టి ఉంది.

"బావా, దారి బిగిసింది," అన్నాడు. "ఆ మర్నాటి నుంచి తొక్కుతూనే ఉన్నాను. రెండుసార్లు మోటారు మునిగింది, తవ్వి తీశాను. నిన్న గుడిసె దాకా పోయొచ్చాను. పొయ్యి రాజేసి, కట్టెలు కొట్టి పెట్టాను. సూర్యుడు బాగా కనిపిస్తున్నాడు, అరగంట పైనే ఉంటున్నాడు. అక్కని తీసుకురా. కుదుపు లేకుండా తీసుకెళ్తాను. నువ్వు వెనక నిలబడు."

నేను గొడ్డలి కింద పెట్టలేదు.

"మేం రాం."

"నా మీద కోపముంటే నేను రాను. మోటారు నువ్వే తీసుకెళ్ళు. నడపడం చూపిస్తాను."

"రాం అన్నాను."

"అక్కని అడుగు బావా."

"అడిగాను," అన్నాను. అడగలేదు.

"ఏమంది?"

"నీ మొహం చూడనంది."

 మోటారు ఆపకపోవడంతో పొగ మా ఇద్దరి మధ్యా తిరుగుతోంది. ఆ తర్వాత, మాట ఒకసారే అనే మా పద్ధతి ప్రకారం, అతను రెండోసారి అడగలేదు. బండి తిప్పుకుని పోయాడు.

కట్టెలు తీసుకుని లోపలికి వెళ్ళాను. సైమా కిటికీ వైపు మొహం తిప్పుకుని ఉంది. ఆ కిటికీ కొట్టం వైపుది కాదు.

"ఎవరి మోటారది?"

"ఎవరో దారిన పోయేవాడు."

"ఓయివాదిలా ఉంది. వాడి మోటారు దగ్గుతుంది."

"కాదు."

"వస్తాడులే," అంది. "తప్పు చేస్తే వాడు వారం దాక్కుంటాడు, చిన్నప్పట్నుంచీ అంతే. తర్వాత ఏదో ఒకటి పట్టుకుని వస్తాడు. ఒకసారి నా కప్పు పగలగొట్టి, ఎనిమిదో రోజున చచ్చిన ఉడతని తెచ్చి నా చేతిలో పెట్టాడు." నవ్వింది, నవ్వు దగ్గయింది. "వచ్చాక అడుగుదాం. ఫిబ్రవరి అయినా పరవాలేదు. గుడిసె ఎక్కడికీ పోదుగా."

అప్పటికి ఓయివా ఇంకా తన ఇంటి మలుపు దాకా కూడా పోయి ఉండడు. పిలిస్తే వినిపించేది. నేను పొయ్యిలో కట్టె పెట్టాను.

తర్వాతి మూడు రోజులూ మంచి ఎండ అని రేడియోలో చెప్పారు. సైమా రోజూ, మోటారు చప్పుడు విన్నప్పుడల్లా, తల ఎత్తేది. ఇరవై ఎనిమిదిన మా ఊళ్ళోకి రావలసిన సూర్యుడు మబ్బుల్లో ఉండిపోయాడు. ముప్పైన ఆమెకి కడుపులో రక్తం పోయింది. అంబులెన్సు వచ్చింది. పట్నం ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కిటికీ లోపలి ప్రాంగణంలోకి ఉంది. అందులోంచి ఎదురు గోడ కనిపించేది.

అక్కడ పదిరోజులుంది. ఎనిమిదో రోజున స్పష్టంగా మాట్లాడింది.

"ఓయివా రాలేదా?"

"లేదు."

"సిగ్గు పడుతున్నాడు. నాకు కోపం లేదని చెప్పు. చెప్తావా?"

"చెప్తాను," అన్నాను.

అదీ మాటే. నేను ఇచ్చిన మాట.

ఫిబ్రవరి తొమ్మిదిన పోయింది. నేల గడ్డకట్టి ఉండటంతో గొయ్యి తవ్వడానికి రెండు రోజులు మంట వేయాల్సి వచ్చింది. చర్చి హాలులో కాఫీ ఇచ్చేటప్పుడు ఓయివా నా పక్కకి వచ్చాడు. చెంప మీద నలుపు ఊడి, కింద గులాబిరంగు చర్మం ఉంది.

"ఆఖర్లో నా గురించి ఏమైనా అందా బావా?"

"లేదు," అన్నాను.

అతను తల ఊపాడు. కప్పు పళ్ళెం మీద పెట్టి బయటికి వెళ్ళాడు. మేం మాట్లాడుకున్న ఆఖరి మాట అది. ఇప్పటికి ఆరేళ్ళైంది. అతని మోటారు కొట్టం పక్కనే తుప్పు పడుతోంది. కల్తియో దారి ఇప్పుడు ఇంకెవరో తెరుస్తున్నారు. ఊళ్ళో అతను ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, కొట్టుకి పొద్దున్నే పోయి వచ్చేస్తాడు. నన్ను చూసినప్పుడు రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాడు. నడవనీ.

ఈ ఏప్రిల్లో కెర్తు వచ్చింది. రిటైరైందట, పాతవాళ్ళందరినీ చూసి పోతోంది. కాఫీ పోశాను. కప్పు తిప్పుతూ కూచుంది.

"తౌనో, ఓయివా మొన్న నాతో ఒక మాటన్నాడు," అంది. "దారి తొక్కి, బండి కట్టుకుని మీ ఇంటికొచ్చాడట. సైమా తన మొహం చూడనందట."

నేను చక్కెర గిన్నె ఆమె వైపు జరిపాను.

"ఆ రోజు మధ్యాహ్నం నేను సూది వేయడానికి వచ్చాను కదా. తమ్ముడు ఇంకా రాలేదేమని సైమా నన్నడిగింది." ఆమె నా కళ్ళలోకి చూసింది. "ఆమెకి తెలుసా అతను వచ్చాడని?"

 కెర్తు ఎదురుచూసింది. నర్సు కదా, ఎదురుచూడటం వచ్చు.

"అతనికి ఆ ఒక్క సంగతి చెప్తే చాలు తౌనో. అరవై ఏడేళ్ళ మనిషి. నాలుగు వందల మీటర్లు."

"రోడ్డు జారుడుగా ఉంది, చీకటి పడకముందే బయల్దేరు," అన్నాను.

ఆమె కోటు తొడుక్కుంది. కప్పులో కాఫీ అలాగే ఉంది. ఆమె కారు ఓయివా ఇంటి దగ్గర ఆగుతుందేమోనని కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆగలేదు.

ఓయివా మాట తప్పాడు. అక్కడ మొదలైంది, అక్కడే ముగిసింది. మిగతాది ఎవరికీ సంబంధం లేదు. పాస్టరు అడిగినా, కెర్తు అడిగినా, అతనే వచ్చి నా గుమ్మంలో నిలబడినా, ఈ సంగతి గురించి నేను ఇక నోరు విప్పను.